మారువేషపు కామెర్లు

ఏలూరి కాలువగట్ల వెంబడియు, తాడేపల్లిగూడెపు చుట్టుప్రక్కల పల్లెలలోను, కొల్లేటి లంకలలోను కామెర్లను మాట యెరుగని గృహిణి యుండదు. కన్నులు పచ్చబడిన వెంటనే పసరు పోయువారి జాడ చెప్పువారొకరు, పత్యము నేర్పువారొకరు, ఫలానివారి పిల్లవానికి మూడునాళ్లలో తగ్గినదని సాక్ష్యము పలుకువారొకరు వచ్చి యింట గుమిగూడుదురు. చాలమందికి కొన్ని వారములలో తగ్గుటయు నిజమే. తగ్గినది కనుక పసరునకు పేరు వచ్చును. తగ్గనివారి మాట రెండవమారు తలపెట్టువారుండరు.

సోదరీమణులారా, కామెర్లనునది యొక వ్యాధి పేరు గాదు. కాలేయమునకు కీడు కలిగినపుడు కనుపించు పసుపు వన్నెకు మనము పెట్టుకొన్న పేరు. ఆ కీడు చేయు వైరసులు పెక్కు గలవు. వానిలో ‘ఏ’ యనునదియు ‘ఈ’ యనునదియు మురికినీటి వలన వచ్చును. గోదావరి కాలువయు కృష్ణ కాలువయు వచ్చి కలియు నేలూరిలోను, బుడమేరు తమ్మిలేరులు మోసికొనివచ్చినదంతయు తాను పుచ్చుకొని యుప్పుటేటి దారిని సముద్రమునకు విడుచు కొల్లేటి చుట్టును కాపురముండు మనకు నీటి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కాచిన నీరు త్రాగుట, చేతులు కడుగుకొనుట యా రెంటికిని మంచి కట్టుబాట్లు.

‘బి’ యనునది యట్టిది గాదు. అది నీటిలో రాదు, అన్నములో రాదు. ప్రసవ సమయమున తల్లినుండి బిడ్డకు వచ్చును; దాంపత్యము వలన వచ్చును; ఒకరికి వాడిన సూదియు, క్షురకుని కత్తియు, పరీక్షింపని రక్తమును దానికి త్రోవలు. వచ్చినను చాలమందిలో కన్నులు పచ్చబడవు. ఏ బాధయు లేకుండ ఇరువది ముప్పది యేండ్లు లోపల కూర్చుండి, తుదకు కాలేయమును గట్టిపరచి చెడగొట్టును. కొందరికి రాచపుండు పుట్టించును. ఇందొక విశేషము గలదు. పెద్దవారికి సోకినచో నూటికి 95 మంది కొలది మాసములలో దానిని వెళ్లగొట్టుకొందురు. పురిటిబిడ్డకు సోకినచో నూటికి 90 మందిలో అది శాశ్వతముగా తిష్ఠ వేయును. కనుక నీ వ్యాధి తల్లుల చేతిలోనున్న వ్యాధి యని చెప్పినను తప్పులేదు.

నే నీ సంగతులు తెలిసికొనవలసి వచ్చినది మా చెల్లెలి కూతురి వలన. ఆ పిల్లను తాడేపల్లిగూడెమున నిచ్చితిమి. చెల్లెలు కొల్లేటి యొడ్డున పల్లెలో నుండును. కొన్నియేండ్ల క్రిందట దాని కొక శస్త్రచికిత్స చేయవలసివచ్చి రక్తము పరీక్షింపగా ‘బి’ వైరసున్నదని తేలినది. ఒంటికి బాధయేమియు లేదు. కూతురికి సంబంధములు చూచుచున్న దినములగుటచే ఆ కాగితము పెట్టె యడుగునకు పోయినది. పెండ్లి జరిగినది. పిల్లకు తొలిచూలు నిలిచినది.

మూడవ మాసమున నత్తవారు దగ్గరనున్న యొక పరీక్షాగృహమునకు తీసికొనిపోయిరి. వ్రేలు పొడిచి రక్తపు బొట్టొకటి పట్టీమీద వేసిరి. గర్భము నిలిచినదా లేదా యని చూచు పట్టీవంటిదే యదియు; రెండు గీతలు వచ్చినచో వ్యాధి కలదు, ఒక్క గీత వచ్చినచో లేదు. ఒక్క గీత వచ్చినది. ‘లేదు’ అని వ్రాసియిచ్చిరి. మా చెల్లెలు పెద్దింట్లమ్మకు మ్రొక్కు చెల్లించివచ్చినది.

ఏడవ మాసమున పిల్ల పుట్టింటికి వచ్చినపుడు నేను దాని నేలూరిలో నొక వైద్యురాలి యొద్దకు తీసికొనిపోతిని. ఆమె యా కాగితము చూచి ప్రక్కన పెట్టినది. పిల్ల నా ముఖము చూచి, తల్లి ముఖము చూచి, మెల్లగా, “మా అమ్మకు ఉందండీ, బి. పెళ్లికి ముందు తెలిసింది. అత్తగారింట్లో చెప్పలేదు,” అనెను. మా చెల్లెలు తల వంచుకొన్నది. వైద్యురాలు మాత్రము కలము క్రింద పెట్టి, “ఈ మాట చెప్పావు, మంచిపని చేశావమ్మా. తల్లికి ఉంటే ఒక్క గీతను నమ్మి ఊరుకోకూడదు. ఇంకో రకంగా అడిగి చూద్దాం,” అని మరల రక్తము తీయించినది.

ఆ ‘ఇంకొక రకము’ ఏమో తెలియవలెనన్న వైరసు స్వరూపము కొంచెము తెలియవలెను. 1965లో బరూచ్ బ్లంబర్గను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియా దేశపు ఆదిమవాసి యొకని రక్తములో నొక క్రొత్త మాంసకృత్తును కనుగొనెను. అది ‘బి’ వైరసు యొక్క పైతొడుగని పిమ్మట తేలినది. అందులకు 1976లో నాయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ తొడుగు 226 పూసలు గ్రుచ్చిన పేరు వంటిది. అందొక భాగము వంకీవలె మడతపడి బయటికి పొడుచుకొని యుండును. మన శరీరమునందలి ప్రతిరక్షకములు వైరసును పట్టునది ముఖ్యముగా నా వంకీనే. పట్టీపై గీత తెప్పించునదియు నా వంకీనే. టీకాలో నుండునదియు నా తొడుగే, వైరసుండదు. తొడుగును ముందుగా చూపి, ‘దొంగ యీ దుస్తులలో వచ్చును, ఆనవాలు పట్టుకొనుము’ అని శరీరమునకు నేర్పుటయే టీకా పని.

ఈ టీకాతో మన తెలుగువారికి సంబంధము కలదు. మొదట నది విదేశములనుండి వచ్చుచు, వందల రూపాయలు పలుకుచు, సామాన్యుల కందక యుండెను. నెల్లూరు జిల్లావాడగు వరప్రసాదరెడ్డిగారు తన తల్లి శాంతమ్మగారి పేర 1993లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, ఈస్టునందు ఆ తొడుగు మాంసకృత్తును పండించి, 1997 ఆగస్టులో ‘శాన్‌వ్యాక్-బి’ యను టీకాను వెలువరించిరి. ఈ విధమున మన దేశమున తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా యదియే. ధర దిగివచ్చినది. ప్రభుత్వము 2002లో కొన్ని తావులందు పరీక్షార్థము మొదలిడి, 2007-08లో ఆంధ్రప్రదేశముతో కూడ పది రాష్ట్రములందును, 2011-12లో దేశమంతటను పిల్లలకు దీనిని వేయించుచు వచ్చినది. మా చెల్లెలి కూతురు అంతకు పూర్వమే పుట్టినది, పల్లెలో పుట్టినది. దానికి టీకా లేదు.

ఇక దొంగ దుస్తులు మార్చినచో? వైరసు తన్ను తాను పెంపు చేసికొనునపుడు తన లిపిని నకలు వ్రాసికొనును. ఆ లిపి చిన్నది, సుమారు 3,200 అక్షరములు. నకలు వ్రాయు లేఖకునికి దిద్దుకొను నలవాటు లేదు. తాటియాకు గ్రంథములు నెత్తివ్రాసినపుడు దొరలు లేఖకదోషములవంటివి దానియందు నిత్యము దొరలుచుండును. పెక్కు తప్పులు వైరసునకే చేటు, అవి నశించును. ఎప్పుడో యొక తప్పు దానికి కలిసివచ్చును. దక్షిణ ఇటలీలో వైరసుగల తల్లులకు పుట్టిన బిడ్డలకును, రోగుల యిండ్లవారికిని విధి ప్రకారము టీకాయు, సిద్ధ ప్రతిరక్షకముల సూదియు నిచ్చినను 44 మందికి తొడుగు రక్తములో కనబడినది. అట్టి యొక బిడ్డలోని వైరసును పరిశీలింపగా 226 పూసలలో 145వ పూస మారియుండెను. గ్లైసీను ఉండవలసిన చోట ఆర్జినీను చేరినది. ఒక్క పూస మారుటతో వంకీ ఆకారమే మారి, టీకా నేర్పిన ప్రతిరక్షకములకు చిక్కలేదు. ఈ సంగతి 1990లో లోకమునకు వెల్లడియైనది.

టీకాను తప్పించుకొనగల యట్టి మార్పే పరీక్షను గూడ తప్పించుకొనవచ్చును. రెండును చూచునది యొకే వంకీని గదా. రక్తములో వైరసున్నను పట్టీ ‘లేదు’ అనును. ఇందువలననే యిప్పటి మేలైన యంత్రపరీక్షలలో ఒక్క రకపు ప్రతిరక్షకమును నమ్మక, తొడుగును పలువైపుల పట్టునట్టి పెక్కింటిని చేర్చుచున్నారు. వైరసు గర్భమునందలి మాంసకృత్తునకు శరీరము పుట్టించు ప్రతిరక్షకమును వెదకు పరీక్ష యొకటి గలదు. దొంగ దుస్తులు మార్చినను వాడు వచ్చిపోయిన గుర్తు యింటిలో నుండును. ఆ గుర్తును చూచునది యా పరీక్ష. వైరసు లిపినే లెక్కించు పరీక్ష మరియొకటి. అది దుస్తులను చూడదు, మనిషినే చూచును.

మా పిల్లకు యంత్రపరీక్షలో తొడుగు దొరకినది. గర్భమాంసకృత్తు గుర్తును దొరకినది. పట్టీ యేల పట్టలేదో, పూస మారినదో మరి పట్టీయే మంచిది కాదో, లిపి యంతయు చదివిననే గాని చెప్పజాలమనియు, చికిత్సకు దానితో పనిలేదనియు వైద్యురాలు చెప్పినది. పిమ్మట మరియొక వింత కనబడినది. వైరసు చురుకుగా నున్నపుడు ‘ఇ-ప్రతిజనకము’ అను మాంసకృత్తును రక్తములోనికి విడుచును. పూర్వము దానిని చూచియే తల్లివలన బిడ్డకెంత యపాయమో యంచనా వేసెడివారు. పిల్లకు ఆ పరీక్ష ‘లేదు’ అని వచ్చినది. అయినను లిపి లెక్కించు పరీక్షలో వైరసు మిక్కుటముగా నున్నది. ఇది గూడ లేఖకదోషమే. ఒక యక్షరము మారి వైరసు ఆ మాంసకృత్తును చేయుట మాని, తాను మాత్రము యథాప్రకారము పెరుగును. మన దేశమున వ్యాపించియున్న ‘డి’ జాతిలో నీ మార్పు తరచు కలదని ఆమె చెప్పినది. “రెండుచోట్ల ‘లేదు’ అన్నది. మూడోచోట దొరికింది,” అని నవ్వినది. మాకు నవ్వు రాలేదు.

మారువేషమున కింకొక త్రోవయు గలదు. పింగళి సూరనగారి రాఘవపాండవీయము మీలో పెక్కండ్రు వినియుందురు. ఒకే పద్యము నొకవిధముగ చదివిన రామకథ, మరియొక విధముగ చదివిన భారతకథ. అట్టి పద్యములో రామకథకొరకు ఒక యక్షరము మార్చినచో భారతకథయు మారిపోవును. ఈ వైరసు లిపియు నట్టి ద్వ్యర్థి కావ్యమే. తొడుగు చేయు వ్రాతయు, నకలు తీయు లేఖకుని చేయు వ్రాతయు నొకే యక్షరములలో నొకదానిమీద నొకటి యుండును. 1998లో లామివుడీను అను మందు ఈ వ్యాధికి వాడుకలోనికి వచ్చినపుడు ఆ మందు లేఖకుని చేయి కట్టివేసెను. కొన్నియేండ్లు వాడినవారిలో వైరసు లేఖకుని మార్చుకొని మందును తప్పించుకొనసాగెను. ఆ మార్పులలో కొన్ని తొడుగును గూడ మార్చి, ప్రతిరక్షకముల పట్టు సడలునట్లు చేసినవి. కావుననే ఇప్పుడు వైరసు సులభముగా తప్పించుకొనలేని టెనోఫోవిర్, ఎంటెకావిర్ అను మందులనే యిచ్చుచున్నారు. స్వేచ్ఛగా మానుట, మరల మొదలిడుట కూడదని గట్టిగా చెప్పుచున్నారు.

ఇంతవరకు విని, ‘అట్లయిన టీకా యెందులకు?’ అని యెవరైన నడుగవచ్చును. మా పిల్ల యత్తగారును అదే యడిగినది. దానికి సమాధానము తైవానులో దొరకును. ఆ ద్వీపమున 1984లో పురిటిబిడ్డలకు ఈ టీకా మొదలుపెట్టిరి. అప్పు డక్కడ వేయిమంది పిల్లలలో ఇంచుమించు 98 మందికి వైరసుండెను. అందు వంకీ మారినది సుమారు 8 మందిలో. పదియేండ్ల తరువాత, 1994లో, వేయిమందిలో వైరసు గలవారు 13 మంది. అందు వంకీ మారినది ముగ్గురు నలుగురిలో. దీనిని రెండు విధముల చెప్పవచ్చును. నూటికి 8 పాళ్లున్న మారువేషము నూటికి 28 పాళ్లైనదని చెప్పి భయపెట్టవచ్చును. అది యబద్ధము గాదు. కాని 98 మంది 13 మంది యైరనియు, మారువేషపువారును సగమునకు తగ్గిరనియు చెప్పుట యంతకంటె నిండైన నిజము. బియ్యములో ఏరగా మిగిలిన రాళ్లలో నల్లరాళ్ల పాలెక్కువైనదని చేట పారవేయు నిల్లాలుండునా?

అత్తగారు మొదట పిల్లకు వేరు కంచము, వేరు గ్లాసు పెట్టినది. నేల యుసిరి దంచి పుచ్చుకొన్నచో పోవుననియు నెవరో చెప్పిరి. ఆ మాట ఊరక పుట్టినది కాదు. 1988లో మదరాసు వైద్యులు బ్లంబర్గుగారితో కలిసి, నేల యుసిరి నిచ్చిన వారిలో సగముకంటె నెక్కువమందికి రక్తమునందు తొడుగు కనబడకుండ పోయినదని ప్రకటించిరి. పిమ్మట పలుచోట్ల చేసిన పరీక్షలలో ఆ ఫలము మరల రాలేదు. కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. మా పిల్ల కాగితములే దానికి సాక్ష్యము. వైద్యురాలు అత్తగారిని పిలిచి కూర్చుండబెట్టుకొని, కంచమువలన గాని, పక్కన పడుకొన్నందువలన గాని, చేతివంట వలన గాని ఇది రాదని చెప్పి, అల్లునకు పరీక్ష చేయించి, సున్న, ఒకటి, ఆరు మాసముల టీకాలు మొదలుపెట్టించినది. నేను చూచుచుండగనే యా యత్తగారు, “మరి ఈ సంగతి సంబంధం నాడే చెబితే మేం కాదందుమా వదినా?” అని మా చెల్లెలి నడిగినది. కాదనెడివారో కాదో యెవరు చెప్పగలరు? చెల్లెలేమియు బదులు పలుకలేదు. ఆ రాత్రి యత్తగారి యింటనే భోజనము చేసినది. వేరు కంచమెవరును తేలేదు.

గర్భపు చివరి మాసములలో పిల్లకు టెనోఫోవిర్ ఇచ్చి రక్తములో వైరసును తగ్గించిరి. కాన్పు ఏలూరిలో, ఆసుపత్రిలో, ముందే చెప్పియుంచి జరిపించితిమి. మగబిడ్డ. పుట్టిన కొన్ని గంటలలో నొక తొడకు టీకా, మరియొక తొడకు సిద్ధ ప్రతిరక్షకముల సూది. పిమ్మట ఆరవ, పదవ, పదునాలుగవ వారములలో అందరి పిల్లలతో పాటు తక్కిన టీకాలు. చనుబాలు మాన్పింపలేదు, మాన్పనక్కరలేదు. పదునొకండవ మాసమున బిడ్డ రక్తము తీసిరి. తల్లి వైరసు పట్టీని తప్పించుకొన్నది గనుక బిడ్డకు తొడుగు పరీక్షతో సరిపెట్టక లిపి పరీక్షయు చేయించిరి. ఫలము వచ్చువరకు మూడు దినములు మా చెల్లెలికి నిద్ర లేదు. తొడుగు లేదు, లిపి లేదు. రక్షణకు 10 ప్రమాణములు చాలునట, బిడ్డకు అంతకు చాల హెచ్చుగా నున్నవి. ఆ కాగితము మా చెల్లెలు పెట్టె యడుగున పెట్టలేదు. వచ్చినవారికెల్ల చూపుచున్నది.

ఇందు మన మెరుగవలసినవి కష్టమైనవి గావు. వైద్యుని యొద్ద పుట్టింటి వ్యాధులు దాచరాదు. ఆ పిల్ల నోటిమాట పట్టీకంటె నెక్కువ పని చేసినది. తల్లికో, తోబుట్టువునకో ‘బి’ యున్నచో, కాలేయపు పరీక్షలు తేడాగా నున్నచో, పట్టీ ‘లేదు’ అన్నను ‘ఏ పరీక్షలో లేదు? యంత్రపరీక్ష చేసితిరా? గర్భమాంసకృత్తు గుర్తు చూచితిరా?’ యని నెమ్మదిగా నడుగుట మర్యాదకు లోపము గాదు. 2018 జూలై 28వ తేదీన మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ పరీక్షలును మందులును ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా నిచ్చు నేర్పాటున్నది.

వైరసు ఎన్ని వేషములు మార్చినను దానికి బిడ్డ యొద్దకు పోవు ముఖ్యమైన దారి ప్రసవ సమయమే. ఆ దారిని 24 గంటలలోపల వేయు తొలి టీకా నేటికిని పెక్కు సందర్భములలో మూసివేయుచున్నది. బారసాలకు, అన్నప్రాశనకు పంచాంగము చూచుకొనుటకు వ్యవధి కలదు. ఈ టీకాకు మాత్రము ముహూర్తము బిడ్డ పుట్టిన దినమే.